నలుగురికి ఒకే హాల్‌టికెట్టు

నూకరత్నం భయపడటానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు. కూతురు నీరజ కాలేజీకి బయల్దేరేటప్పుడు వీధి మలుపులో ఆవు నిలబడి ఉంటే భయం. లేకపోతే ఆ ఆవు ఇంకే మలుపులో కాచుకుని ఉందోనని భయం. ఫోను మోగితే ఏం కబురోనని భయం, మోగకపోతే కబురు చెప్పేవాళ్ళు కూడా మిగల్లేదేమోనని భయం. ఆవిడ చదువు ఏడో తరగతితో ఆగింది. వెలగతోట మార్కెట్టు వెనక వీధిలో, ముందు గదిలో కుట్టు మిషను వేసుకుని పాతికేళ్ళుగా జాకెట్లు కుడుతోంది. మిషను తొక్కేటప్పుడు కాళ్ళకే గానీ బుర్రకి పని ఉండదు కాబట్టి, అక్కడ కూర్చునే ఆవిడ పెద్ద పెద్ద భయాలన్నీ పడుతుంది.

వాటన్నిటిలోకీ పెద్దది విశాఖపట్నం. డిగ్రీ అవగానే అక్కడ ఎమ్మెస్సీ చదువుతానని నీరజ పట్టుబట్టింది. విశాఖలో సముద్రం ఉంది, అది ఏ రోజు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. కొండలున్నాయి. హాస్టల్లో లిఫ్టు ఉంది, అది మధ్యలో ఆగుతుంది. అయినా కూతురి మొహం చూడలేక, డిగ్రీ కాగితం చేతికి రాగానే పంపిస్తానని మాటిచ్చేసింది. ఆ కాగితం కాస్త ఆలస్యమైతే బాగుండునని లోలోపల అనుకున్నది కూడా నిజమే.

నీరజ ఆఖరి సంవత్సరంలోకి వచ్చిన వారానికే, వెలగతోట మహిళా కాలేజీ తల్లిదండ్రులందరినీ రమ్మని కబురు పెట్టింది. మొగుడు వీర్రాజు లారీ మీద వెళ్ళాడు. నూకరత్నమే వెళ్ళి, మంటలు లేస్తే ముందు బయటపడొచ్చని తలుపు పక్కన కూర్చుంది.

వేదిక మీద కొత్తగా వచ్చిన ప్రత్యేకాధికారి సదానందం గారున్నారు. కాలేజీకి స్వయంప్రతిపత్తి వచ్చింది. అంటే పరీక్షలూ పట్టాలూ ఇక కాలేజీ ఇష్టమే. ఆ ఇష్టాన్ని నడపడానికే ఆయన్ను పంపారు. ఆయన ఈమధ్యే బెంగుళూరులో గ్రాఫిక్స్ ప్రాసెసర్ల భవిష్యత్తు మీద జరిగిన సదస్సుకు వెళ్ళొచ్చారు. కంప్యూటర్లో బొమ్మలు గీయడానికి పుట్టి, ఇప్పుడు లోకంలోని లెక్కలన్నీ నెత్తినేసుకున్న చిప్పులవి. సదస్సులో ఆయన మొదటి పావుగంటా చివరి పావుగంటా మెలకువగా ఉన్నారట. ఆ మాట తర్వాత డ్రైవరు చెప్పాడు.

మొదటి పావుగంటలో విన్నది ఆయన సభకు వివరించారు. చిప్పు పెద్దదయ్యేకొద్దీ ఎక్కడో ఒక మూల దుమ్ముకణమంత లోపం వచ్చి మొత్తం చిప్పు పారేయాల్సి వస్తుంది. అందుకని ఇకమీదట ఒకే పెద్ద చిప్పు చేయరు. చిన్నచిన్న ముక్కలు విడిగా చేసి, మంచివి ఏరి, ఒకే పలక మీద పక్కపక్కన అతికి, అన్నీ కలిసి ఒకే చిప్పులా పనిచేసేట్టు చేస్తారు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆయన అక్కడ ఆగలేదు.

"ప్రస్తుత విద్యార్థిని ఒక కాలం చెల్లిన నమూనా" అన్నారు సదానందం గారు. "ఒకే తలకాయలో ఆరు సబ్జెక్టులు. ఒక మూల లోపం వస్తే తలకాయ మొత్తం వృథా. ఇది జాతీయ నష్టం. కావున ఈ సంవత్సరం నుండి మన కళాశాలలో నలుగురు విద్యార్థినులు కలిసి ఒక పట్టభద్రురాలు."

చప్పట్లు కొట్టాలని ప్రిన్సిపాల్ వైదేహి గారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి అందరూ కొట్టారు. నూకరత్నం కొట్టలేదు. ఆవిడకి సంగతంతా ఇట్టే అర్థమైంది, అందుకే భయపడింది. గుడ్డ తానులో మరక పడితే ముక్కలు కోసి, మంచి ముక్కలు ఏరి అతకడం ఆవిడ రోజూ చేసే పనే. అలా అతికిన బట్ట ఏ చోట ఊడుతుందో కూడా రోజూ చూస్తూనే ఉంది. లేచి నిలబడింది.

"బాబుగారూ, మరి కుట్టు ఊడితే ఏం చేస్తారండీ?"

అనుసంధాన విషయం ద్వితీయ దశలో పరిశీలనకు వస్తుందని, తల్లులు ప్రథమ దశలో ఆందోళన చెందరాదని ఆయన సెలవిచ్చారు. నూకరత్నం దశలవారీగా భయపడే మనిషి కాదు. ఆ సాయంత్రమే మొదలుపెట్టేసింది.

నలుగురి జట్టుకి ప్యాకేజీ అని పేరు. నీరజ ఉన్న ప్యాకేజీకి పదిహేడో నంబరిచ్చారు. నీరజ లెక్కలు చేస్తుంది కాబట్టి 'గణన ఖండము'. ఏది చదివినా మర్చిపోని మేరీ స్వరూప 'స్మృతి ఖండము'. బొమ్మలు బాగా గీసే షబానా 'చిత్ర ఖండము'. ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్న పావని 'లేఖన ఖండము'. నలుగురికీ ఒకే రోల్ నంబరు, ఒకే హాజరు, ఒకే హాల్‌టికెట్టు. హాల్‌టికెట్టు మీద అంటించే పాస్‌పోర్టు ఫొటోలో నాలుగు మొహాలూ ఇరికించాలి. ఫొటో స్టూడియో అతను మూడుసార్లు తీశాక, ఎవరో ఒకరి చెవి బయటికి పోతోందని, ఏ చెవి అక్కర్లేదో చెప్పమన్నాడు.

ఒక ఖండము ఇంకో ఖండము పుస్తకం ముట్టకూడదని నిబంధన. మధ్య దూరం పొద్దుగూకేదాకా రెండు బారలు దాటకూడదని ఇంకోటి. ఆ నిబంధనకు ఆదివారాలు లేవు. ఆ నెల్లోనే పావనికి పెళ్ళిచూపులైతే నలుగురూ వరసగా చాప మీద కూర్చున్నారు. వచ్చినవాళ్ళు కాఫీ తాగి, అమ్మాయి నచ్చింది గానీ ఏ అమ్మాయో రాసివ్వమన్నారు.

నూకరత్నం ఈ గోలంతా ఒక కంట చూస్తూనే, చెయ్యదలుచుకున్నది చేసేసింది. ఒక ముక్కకి జ్వరం వస్తే మిగతా మూడూ ఏమైపోతాయన్నది ఆవిడ బెంగ. జాకెట్టు గుడ్డలో కూడా చెయ్యి పీసు ఒకటి ఎక్కువే కోసుకుంటుంది. అందుకని రోజూ సాయంత్రం నలుగురినీ మిషను గదికి పిలిచి, గడియ పెట్టి, పకోడీలు వేసి, ఎవరికి వచ్చింది మిగతా ముగ్గురికీ నేర్పమనేది. నీరజ లెక్కలు చెప్పేది. స్వరూప నోటికి వల్లె వేయించేది. షబానా బొమ్మలు దిద్దించేది. పావని గుండ్రంగా రాయడం నేర్పేది. అధికారులకు తెలిస్తే ప్యాకేజీ రద్దు. నూకరత్నానికి దాని భయం వేరే. ఎవరైనా తలుపు కొడితే నలుగురూ నాలుగు జాకెట్లకు హుక్కులు కుడుతూ కనబడేవారు.

అర్ధసంవత్సరం పరీక్షలు వచ్చాయి. ఒక బల్ల చుట్టూ నలుగురు, మధ్యలో ఒక జవాబు పత్రం. సూత్రం స్వరూప చెవిలో చెప్పాలి, నీరజ లెక్క కట్టాలి, షబానా పటం గీయాలి, పావని రాయాలి. ఇదివరకు చీటీలు అందించుకుంటే పట్టుకునే స్క్వాడు ఇప్పుడు చీటీలు అందించుకోని వాళ్ళను పట్టుకోసాగింది. తొమ్మిదో ప్యాకేజీలో ఒకమ్మాయి ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ చూపించకుండా, తల వంచుకుని జవాబు రాస్తూ దొరికిపోయింది. ఇంకెప్పుడూ సొంతంగా ఆలోచించనని క్షమాపణ పత్రం రాయించుకుని వదిలేశారు.

అదే వారం సదానందం గారికి సదస్సులో విన్న ఇంకో ముక్క గుర్తొచ్చింది. చిప్పులు దగ్గర దగ్గరగా పెడితే వేడెక్కుతాయి. వెంటనే శీతలీకరణ ఉత్తర్వు వచ్చింది. ప్రతి బల్లకీ ఒక టేబుల్ ఫ్యాను, ప్రతి తలకీ ఒక తడి తువ్వాలు. డిసెంబరు నెల. నూకరత్నానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. జలుబు, జలుబు నుంచి జ్వరం, జ్వరం నుంచి ఆసుపత్రి దాకా వరసగా కళ్ళకు కట్టింది. గేటు దగ్గర నలుగురినీ ఆపి, ఎనిమిది చెవుల్లోనూ దూది కుక్కి పంపింది.

దూది వల్ల జలుబు రాలేదు, మాట కూడా వినబడలేదు. ప్రశ్నలో కుంభాకార కటకం అడిగారు. స్వరూప చెప్పింది. అది చెవిన పడేసరికి షబానా పుటాకార కటకం గీసేసింది. ఎనిమిది మార్కులు పోయాయి. నేను చెప్పాను కదా అని స్వరూప, గీసేశాక చెబితే ఏం లాభమని షబానా. జ్ఞాపకం జ్ఞాపకంగా ఉండాలి గానీ పెత్తనం చెయ్యకూడదని షబానా అంటే, బొమ్మలేసేవాళ్ళకి చదువెందుకని స్వరూప అంది. ఆ మాటతో ఇద్దరూ పలకడం మానేశారు. రెండు బారల దూరంలోనే ఉంటూ, ఒకరు తూర్పుకీ ఒకరు పడమరకీ చూస్తూ నడిచేవారు.

కుట్టు ఊడింది. ఊడదీసింది తన దూదేనని నూకరత్నానికి తెలుసు. తర్వాతి పరీక్షకి అన్నం గిన్నె ఇచ్చే వంకన లోపలికి వెళ్ళి ఇద్దరి మధ్యా చతికిలబడింది. "షబానా అమ్మా, స్వరూప ఏవంటోందంటే..." అని అటు, "స్వరూపమ్మా, షబానా ఏవడుగుతోందంటే..." అని ఇటు. ఆవిడకి కటకమంటే తెలియదు. ఎవరు చెప్పింది వాళ్ళ మాటల్లోనే మోసింది, కాకపోతే ప్రతి మాట చివరా "తిన్నావా?" అని తగిలించింది.

ఇన్విజిలేటరు ఆవిణ్ణి బయటికి పంపబోతుంటే, తనిఖీకి వచ్చిన సదానందం గారు ఆపారు. జేబులోంచి స్టాపువాచీ తీసి అరగంట చూశారు. కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రం నోటీసు బోర్డు మీద నివేదిక అంటించారు.

'పదునేడవ ప్యాకేజీ నందు ఒక మాతృమూర్తి ద్వారా సందేశములు సగటున నాలుగు సెకన్లలో చేరుచున్నవి. ప్రతి సందేశము వెంట "తిన్నావా" అను అదనపు సంకేతము వెళ్ళుచున్నది. ఇది లోపములను పసిగట్టు పరీక్షా సంకేతముగా భావించదగును.'

నూకరత్నానికి మెళ్ళో వేసుకునే కార్డు ఇచ్చారు. దాని మీద ఫొటో, ఫొటో కింద 'అనుసంధానము–1' అని. కూర్చోడానికి స్టూలు ఇచ్చారు. జనవరి నుంచి ఆవిడ రోజూ కాలేజీకి వెళ్ళింది. కూతురు ఎటు తిరిగినా రెండు బారల్లో కనబడుతోంది. మలుపులో ఆవుంటే తనూ ఉంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆవిడ మధ్యాహ్నం పూట కునుకు తీసింది.

మార్చిలో సదానందం గారు ఆవిణ్ణి గదికి పిలిపించి, స్వయంగా కుర్చీ చూపించారు. ఏప్రిల్లో తుది పరీక్ష. అందులో నెగ్గిన ప్యాకేజీకి సీలు పడుతుంది. పట్టా ఒకటే. సీలు పడ్డాక ఖండాలను విడదీయడం కుదరదు. పై చదువైనా ఉద్యోగమైనా నలుగురూ కలిసే.

"అనుసంధానం కూడా ప్యాకేజీలో అంతర్భాగం కాబట్టి, తాము యావజ్జీవం అమ్మాయికి రెండు బారల దూరంలోనే ఉండవలసి వస్తుంది" అన్నారాయన, ఇబ్బందిగా. "ఉత్తర్వు అమ్మా. నేను మార్చలేను."

నూకరత్నం ఏ దేవుణ్ణీ ఇంత పెద్ద కోరిక అడగలేదు. అడగని వరాన్ని స్టాంపు వేసి ఇస్తున్నారు. ఇంటికొచ్చేదాకా కాళ్ళు నేల మీద ఆనలేదు. పక్కింటావిడకి చెప్పింది, ఎదురింటావిడకి చెప్పింది, నీరజకి చెప్పబోతే అది జడ వేసుకుంటూ "తెలుసమ్మా" అంది.

మర్నాడు జాకెట్టుకి హుక్కులు తీయబోతే, హుక్కుల డబ్బా అడుగున మడత పెట్టిన కాగితం దొరికింది. విశాఖ విశ్వవిద్యాలయం నీరజకు రాసిన ఉత్తరం. సీటు వచ్చింది. జూన్ పదోతేదీ లోపల సొంత పేరు మీద పట్టా తెచ్చి చేరాలి, నలుగురికి ఒకటిగా ఉన్న పట్టా చెల్లదు. ఉత్తరం వెనక పెన్సిలుతో వెలగతోట నుంచి విశాఖకు బస్సుల టైములు రాసి ఉన్నాయి. ఆరున్నర బస్సు కింద గీత ఉంది, 'కిటికీ పక్క' అని రాసుకుంది. తర్వాత ఎప్పుడో వాటన్నిటి మీదా అడ్డంగా కొట్టేసింది.

నూకరత్నం మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. కొట్టివేతను వేలితో రెండుసార్లు తడిమింది. సముద్రం, కొండలు, లిఫ్టు అన్నీ గుర్తొచ్చాయి. అయినా ఇరవై ఏళ్ళ పిల్ల కిటికీ పక్క సీటుని అలా కొట్టేసుకోవడం వాటన్నిటికన్నా భయంగా ఉంది.

ముప్ఫై రెండు పేజీల ఉత్తర్వు ప్రతి ఇంటికీ మొదట్లోనే ఇచ్చారు. అందరూ మొదటి రెండు పేజీలు చదివి సంతకం పెట్టారు. ప్రిన్సిపాల్ సంతకం మాత్రమే పెట్టారు. నూకరత్నానికి గబగబా చదవడం రాదు. ఒక్కో మాట కిందా వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, రెండ్రోజులు కూర్చుని మొత్తం చదివింది. ఇరవై ఆరో పేజీలో పద్నాలుగో నిబంధన ఉంది.

'తుది పరీక్షయందు అనుసంధానము నిరుపయోగమని తేలినచో, ఖండములను విడివిడిగా పరీక్షించి, స్వతంత్రముగా పనిచేయు ఖండములకు విడివిడిగా పట్టాలు ఒసంగబడును. నిరుపయోగమైన అనుసంధానమును స్టోరునందు జమచేయవలెను.'

ఆ సాయంత్రం పకోడీలు వేస్తూ, తుది పరీక్షలో తాను ఏ మాటా మోయనని, ఎవరూ కంగారు పడొద్దని, ఎవరి సంగతి వాళ్ళు చూసుకోవాలని నలుగురికీ చెప్పింది. స్వరూప, షబానా ఆ మాటకి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నవ్వాక పలకరించుకోక తప్పలేదు. నీరజ మాత్రం తల్లినే చూసింది.

"గంటసేపమ్మా. నువ్వు మాట్లాడకుండా గంట ఉండలేవు."

"ఉంటానే."

"తిన్నావా అని అడక్కుండా ఉంటావా?"

నూకరత్నం పకోడీ తిప్పింది.

తుది పరీక్ష సెమినార్ హాల్లో పెట్టారు. సదానందం గారు స్టాపువాచీతో ముందు వరసలో కూర్చున్నారు. పక్క జిల్లాల నుంచి ఆరుగురు అధికారులు ఈ విధానం చూసి వాళ్ళ కాలేజీల్లో పెట్టుకుందామని వచ్చారు. నూకరత్నం దగ్గుకి వాడే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని స్టూలెక్కింది. అది నోట్లో ఉంటే నాలుక ముడుచుకుపోతుంది.

గంట మోగింది. స్వరూప సూత్రం చెప్పి నూకరత్నం వైపు తిరిగింది. నూకరత్నం ఫ్యాను వైపు చూసింది. షబానా ఏదో అడిగింది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. పది నిమిషాలకి అధికారులు గుసగుసలాడారు. ఇరవై నిమిషాలకి సదానందం గారు లేచొచ్చి, అమ్మా సంకేతం, అని బతిమాలారు. నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నలభయ్యో నిమిషంలో నీరజ తుమ్మింది. హాలంతా స్టూలు వైపు చూసింది. ఆవిడ మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు నిండాయి, స్టూలు కిర్రుమంది. నీరజ ఇంకోసారి తుమ్మింది. నూకరత్నం కరక్కాయని కసుక్కున కొరికి, కళ్ళు మూసుకుని, ఫ్యానుకి దణ్ణం పెట్టింది.

గంట అయిపోయింది. అనుసంధానము నిరుపయోగమని వైదేహి గారు రాసి సంతకం పెట్టారు. ఈసారి చదివే పెట్టారు. పద్నాలుగో నిబంధన ప్రకారం నలుగురినీ నాలుగు గదుల్లో కూర్చోబెట్టి ప్రశ్నపత్రాలు ఇచ్చారు. మూడు గంటల తర్వాత నాలుగు జవాబు పత్రాలు వచ్చాయి. నాలుగింట్లోనూ సూత్రాలున్నాయి, లెక్కలున్నాయి, పటాలున్నాయి, గుండ్రని అక్షరాలున్నాయి.

సదానందం గారు నాలుగింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత బల్ల మీద చెయ్యి వేసి నిలబడి, బయటి అధికారులతో మెల్లగా అన్నారు.

"అన్ని విభాగాలూ ఒకే తలకాయలో. మధ్యలో తీగల్లేవు, దూరం లేదు, ఆలస్యం లేదు. ప్రపంచంలో ఇంకెక్కడా ఈ ప్రయోగం జరిగి ఉండదు."

ఆ విధానానికి 'ఏకశిరో విద్య' అని పేరు పెట్టారు. వచ్చే ఏడాది నుంచి ఒక్క విద్యార్థినికి ఒక్క పట్టా అనే విప్లవాత్మక ఉత్తర్వు తయారైంది. దాని మీద ప్రసంగించమని సదానందం గారికి బెంగుళూరు నుంచే పిలుపొచ్చిందని చెప్పుకున్నారు. నలుగురికీ నాలుగు పట్టాలు ఇచ్చారు. నీరజ పట్టా మీద నీరజ ఒక్కతే ఉంది, రెండు చెవులతో.

జూన్ ఎనిమిదిన ఆరున్నర బస్సుకి నూకరత్నం కూతుర్ని ఎక్కించింది. కిటికీ ఊచలు మూడూ లాగి చూసింది. డ్రైవరు మొహం చూసింది, నిద్రపోయే మొహంలా లేదు. నువ్వు మాత్రం ఫోను చెయ్యకమ్మా, నేనే చేస్తానని నీరజ చెప్పింది. సరేనంది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, అక్కణ్ణుంచి నేరుగా కాలేజీకి వెళ్ళింది, ఎందుకంటే అంతకుముందు రోజే కాలేజీ నుంచి రెండో తాకీదు వచ్చింది. నిరుపయోగమైన అనుసంధానము ఇంకా స్టోరులో జమ కాలేదట.

స్టోర్ కీపరు అప్పలస్వామి ముసలివాడు, రేపో మాపో రిటైరవుతాడు. విరిగిన బెంచీలు, కాళ్ళు లేని బల్లల మధ్య కూర్చుని ఉన్నాడు. నూకరత్నం కార్డు తీసి ఇచ్చింది.

"కార్డు ఒక్కటే సరిపోదమ్మా. వస్తువు కూడా జమ కావాలంట" అన్నాడు, తాకీదు చూపిస్తూ.

"అలాగేనండి. ఎక్కడ కూచోమంటారు?"

అతను అటూ ఇటూ చూసి, ఉన్నవాటిలో కాస్త బాగున్న కుర్చీ దుమ్ము దులిపి వేశాడు. రిజిస్టరు తెరిచాడు. వస్తువు పేరు రాశాడు. స్థితి అన్నచోట ఆగి, ఏం రాయమంటావమ్మా అని అడిగాడు. పనిచెయ్యదని రాయమంది నూకరత్నం. అప్పలస్వామి కలం ముంచినట్టు గాల్లో ఒకసారి విదిలించి, రాయబోయాడు.

అప్పుడే ఆవిడ ఒళ్ళో ఫోను మోగింది. బస్సు ఇంకా తుని కూడా దాటి ఉండదు. నూకరత్నం ఎప్పట్లాగే ఏం కబురోనని భయపడుతూనే ఎత్తింది. అవతల గాలి హోరు, హారను, ఆ వెనక నీరజ గొంతు.

"తిన్నావా?"

ఆ మాట అప్పలస్వామికి కూడా వినబడింది. అతను కళ్ళజోడు పైకి తోసుకుని, ఫోనునీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు.

"ఇది పనిచేస్తున్నట్టుందే అమ్మా."

నూకరత్నం ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించింది.

"మీరు రాసెయ్యండి బాబూ."